సాయిలు చిరునామా

"ఏం పోచమ్మా, పది పైసలిస్తే పిచ్చి నీకంటుకుంటదా?"

పోస్ట్‌మన్ ఎల్లేశం మాటకు వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పోచమ్మ కొంగు ముడి విప్పింది.

"ఉత్తరాలిచ్చేటోడివి, నీకెందుకురా గీ పిచ్చోళ్ల లొల్లి?"

"రేపు మనింట్లనే ఎవలకన్న గిట్లయితే? బయట పారేస్తమా?"

పుణ్యవతి చాపిన చందా డబ్బాలో నాణెం పడింది.

అది 1974. పుణ్యవతి ఫ్యాక్టరీ ఇంజనీరు భార్య. మనసుకొచ్చేది కూడా జబ్బేనని ఊరూరా చెప్పడానికి, నయమైనవాళ్లను ఇళ్లకు చేర్చడానికి కాలనీ ఆడవాళ్లతో కలిసి చందాలు వసూలు చేస్తోంది. శేరిలింగంపల్లిలో మొదటిరోజు తలుపులన్నీ ఆమె మొహం మీదే మూసుకున్నాయి. బోరబండ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చి ఊళ్లో ఉత్తరాలు పంచే ఎల్లేశం తోడు నిలిచాక, ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆమె కరపత్రాలు కూడా అతనే పంచాడు.

మానసిక ఆసుపత్రి నుంచి పద్దెనిమిది మందిని ఇళ్లకు చేర్చారు. రుక్కమ్మ మిగిలిపోయింది.

ఆమెకు నయమై రెండేళ్లు. బట్టలు మూటగట్టుకుని మంచం మీదే పెట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చిన రోజు ఆమె భర్త రాయించిన వివరాలు రిజిస్టర్లో ఉన్నాయి. భర్త సాయిలు, ఊరు శేరిలింగంపల్లి. ఆ చిరునామాకు ఆసుపత్రి రాసిన నాలుగు ఉత్తరాలూ తిరిగొచ్చాయి. నెలాఖరులోగా ఎవరూ రాకపోతే, ఇల్లంటూ లేనివాళ్ల వార్డుకు మార్చేస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ బయటికి వచ్చింది లేదు.

"ఊళ్లో సాయిలు అనేవాడే లేడా ఎల్లేశం?"

"ముగ్గురున్నరమ్మా. ముగ్గురి పెండ్లాలు ఇండ్లల్లనే ఉన్నరు."

నమ్మకం కుదరక పుణ్యవతి వెళ్లి చూస్తానంది. మూడిళ్లకూ అతనే దగ్గరుండి తీసుకెళ్లాడు. అతను చెప్పింది నిజమే.

నెలాఖరు రోజు పుణ్యవతి ఆసుపత్రికి బయలుదేరింది. పంచాల్సిన చీరల మూట మోస్తూ ఎల్లేశం గేటు దాకా వచ్చి ఆగిపోయాడు.

"లోపలికి రావయ్యా."

"వద్దమ్మా, ఆడోళ్ల వార్డు. నేనీడనే ఉంట." మూట అందిస్తూ అడిగాడు. "గా రుక్కమ్మ... మంచిగ తింటున్నదా?"

"తింటోందిలే. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూపులే పాపం."

అతను మొహం తిప్పుకున్నాడు.

రుక్కమ్మ తల దువ్వుకుని, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పుణ్యవతి ఆమె పక్కన కూర్చుంది.

"చాలా వెతికానమ్మా. సాయిలు దొరకలేదు."

"సాయిలెవలమ్మా?"

"మీ ఆయన."

"నా మొగని పేరు సాయిలు గాదు."

"అయ్యో, మరి అసలు పేరేంటి? ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవలడిగిండ్రు? మొగని పేరు నోటితోని ఎట్ల జెప్తమమ్మా?" రుక్కమ్మ సిగ్గుపడింది.

"పోనీ, ఏం పని చేస్తాడో చెప్పు. పట్టుకొస్తాను."

రుక్కమ్మ కళ్లు మెరిశాయి.

"ఖాకీ బట్టలేసుకొని, సైకిల్ మీద శేరిలింగంపల్లి మొత్తం తిరిగి ఉత్తరాలు పంచుతడమ్మా!"