డిటెక్టివ్ పరంధామ్ చెప్పులు

...అసలు బూట్లతో లోపలికి వచ్చినవాడు చెప్పులతో ఎలా బయటికి పోతాడు? హత్య జరిగిన ఇంట్లో బూట్లు మార్చుకునే డిటెక్టివ్ ఈ దేశంలో వీడొక్కడే అయి ఉంటాడు. ఆ సీను గుర్తొచ్చినప్పుడల్లా షాహెద్‌కి నోరు చేదయ్యేది. 'డిటెక్టివ్ పరంధామ్', మొదటి ఎపిసోడ్, నలభై నిమిషాలు. జహీరాబాద్ కథ అని జహీరాబాద్‌లోనే తీశారు. పదకొండు తప్పులు. చివర్లో చెప్పిన నంబరుకి ఒక్కో తప్పునూ ఒక్కో వాయిస్ మెసేజ్‌గా పంపాడు. పంపడమంటే తిట్టడమే. దానికి దర్శకుడు కోపగించుకోకపోగా, ఉద్యోగం ఇస్తాను, కలుద్దాం అన్నాడు. తిట్టినవాణ్ణే పిలిచి పీట వేసేవాడి మీద గౌరవం ఎక్కణ్ణించి వస్తుంది?

గౌరవం రాకపోయినా నౌకరీ రావాలి. బస్టాండు మైకులో తొమ్మిదేళ్లు బస్సుల పేర్లు పిలిచాడు. ఆరు నెలల కింద రికార్డు చేసిన గొంతు తెచ్చి పెట్టి అతన్ని పొమ్మన్నారు. అప్పటినుంచి అన్న ఇంట్లో తిండి. వదిన ఏమీ అనదు. రొట్టె పెట్టేటప్పుడు పళ్లెం కొంచెం గట్టిగా చప్పుడు చేస్తుంది, అంతే.

"గంట ముందుగాలనే వచ్చి కూసున్నవేంది?" హోటల్ బాబా మియా చాయ్ తెచ్చి పెట్టాడు. "ఆయన కారు ఇంక సదాశివపేట దాటిందో లేదో."

"ఆయన వచ్చేటాళ్లకు నేను కూసొని ఉండాలె మియా. ఆయనే నా దగ్గరికి రావాలె."

"అబ్బో, నవాబ్ సాబ్! ఫోన్ల నీ సంగతులన్నీ చెప్పినవా ఆయనకు?"

"అడిగినంత చెప్పిన."

"జర మెత్తగ మాట్లాడు బేటా. చేతికొచ్చిన నౌకరి నోటితోని పోగొట్టుకునేవు."

రోడ్డు పక్కన కారు ఆగింది. తలుపు పడింది. అడుగులు బల్ల దాకా వచ్చి ఆగాయి.

"షాహెద్ గారేనా? నేను శ్రీకాంత్."

షాహెద్ లేవలేదు. చెయ్యి చాపలేదు. రోడ్డు మీద పోతున్న లారీల వైపే ముఖం పెట్టుకుని, "కూసోండి" అన్నాడు.

"నా మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేదన్నమాట." శ్రీకాంత్ నవ్వుతూ కుర్చీ లాక్కున్నాడు. "బూట్ల సంగతి చెప్పేస్తాను. హీరోకి బూటు కరిచింది. మడమంతా బొబ్బలు. కాళ్లు ఫ్రేములో పడవు కదా అని చెప్పులు వేయించాం."

"కాళ్లు పడకపోతే నడక పడదా సార్? హత్య జరిగిన ఇంట్ల నుంచి టపటప కొట్టుకుంట పోయిండు, పాలు తేనీకి పోయినట్టు."

"మరి ఫ్యాను? అది ఫ్రేములోనే లేదు. మా ఎడిటర్‌కే దొరకలేదు, మీరెలా పట్టారు?"

"కరెంటు పోయిందని హీరో చెప్పబట్టె, ఫ్యాన్ తిరగబట్టె. పట్టేటోనికి దొరుకుతది."

"మేం తీసింది అల్లం గోదాములోనండీ, ఒకటే ఉక్క. ఫ్యాను ఆపితే మేకప్ కారిపోతోంది. ఏం చేస్తాం?"

"ఇంగ ఆ మొగుడంపల్లి ముసలమ్మకు మా దిక్కు మాటే రాదా?"

"ఆమె ఇక్కడి మనిషే, శరణమ్మ. ఎంత బాగా ఏడ్చిందో! యాస అందరికీ అర్థం కాదని ఇంకొకావిడతో డబ్బింగ్ చెప్పించాం."

"అంటే కన్నీళ్లు శరణమ్మవి, ఏడుపు విజయవాడది." షాహెద్ పెదవి విరిచాడు. "అవన్నీ పోనియ్యుండ్రి. హత్య శుక్రవారం మధ్యాహ్నమంటిరి. వెనక మసీదు అజా తెల్లారుజాముది పెడితిరి. 'నిద్ర కన్న నమాజు మేలు' అనే మాట పొద్దుగాల అజాలనే ఉంటది. మా ఊర్ల ఎవలనడిగినా చెప్తరు. అదే తెల్వనోడు టైము లెక్కగట్టి హంతకుణ్ణి పట్టిండట!"

పొయ్యి దగ్గరినుంచి బాబా మియా పకపకా నవ్వాడు. "పట్టపగలు లేపిన్రా సార్ మమ్ముల?"

"సౌండ్ లైబ్రరీలో మొదట దొరికిందే వేసేశారు," గొణిగాడు శ్రీకాంత్. "ఇవన్నీ రాసి పంపొచ్చు కదా? పదకొండు మెసేజ్‌లు వినేసరికి చెవులు కాలిపోయాయి."

"రాసేటంత విలువ ఏడున్నది దానికి?"

శ్రీకాంత్ గొంతు తగ్గించాడు. "మీలాంటివాడే కావాలి నాకు. ఇంకా పది ఎపిసోడ్లున్నాయి. తీస్తున్న సీను కనిపించే మానిటర్ దగ్గర నా పక్కనే మీ కుర్చీ. కాకపోతే నిర్మాత ఒక పరీక్ష పెట్టమన్నాడు." ఫోను బల్ల మీద పెట్టి ముందుకు జరిపాడు. "నిన్న తీసిన సీను. సౌండ్ ఇంకా వెయ్యలేదు. తప్పేమిటో చెప్పండి."

ఒక నిమిషం గడిచింది. షాహెద్ చాయ్ గ్లాసును బల్ల మీద తిప్పుతూ ఉన్నాడు.

"ఏమీ లేదా?"

షాహెద్ గ్లాసు పక్కకు జరిపాడు.

"ఒక్కటీ లేదా! మీ నోరు మూయించామంటే..." శ్రీకాంత్ బల్ల మీద చరిచాడు. "మా వాళ్లు కూడా ఇందులో తప్పు లేదనే అన్నారు. ఉద్యోగం కోసం లేని తప్పు కల్పించలేదు మీరు. అయిపోయింది, ఉద్యోగం మీదే. లేవండి, కార్లో మాట్లాడుకుందాం."

నోరు మూసుకుని ఇంకొంచెంసేపు ఉంటే చాలు, నౌకరీ చేతికొచ్చినట్టే. నెల రోజులుగా అతను తిడుతున్నది సరిగ్గా ఈ పనినే. ఫ్రేములో పడదులే, ఎవడికి తెలుస్తుంది అనుకునే పనిని. ఇన్నాళ్లూ ఇతరుల మీదికి ఉమ్మిన ఏవగింపు ఇప్పుడు తన మీదికే తిరిగింది.

"ఒక తప్పున్నది సార్."

"సీన్లోనా?"

"కాదు. మీరొచ్చినప్పటి సంది మీ ముంగటనే ఉన్నది. మీరు పట్టలే."

శ్రీకాంత్ నవ్వు ఆగింది. "ఏమిటది?"

షాహెద్ సంచిలోంచి తెల్లకర్ర తీసి, మడతలు విప్పి, నేల తడుముతూ లేచాడు.