వాసన రాదు

పురుషోత్తంపూర్ సంతలో మధ్యాహ్నమైనా అరుణకు బోణీ కాలేదు. 'వాసన రాదు' అని రాసిన అట్ట పక్కన ఉన్న, సీలు వేసిన ఎండుచేపల ప్యాకెట్టును ఒకావిడ ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ కింద పెట్టేసి వెళ్లబోయింది.

పక్కనే ఉన్న తల్లి పుణ్యవతి చటుక్కున ఆ ప్యాకెట్టు చింపేసింది.

"ఏటమ్మా ఇది! వాసన రాకూడదనే గదా సీలు వేసే మిషను కొన్నాను!"

"వాసన సూడకుండా ఎండుచేప ఎవులు కొంటారే? మంచిదో, ముక్కిపోయిందో ఎలా తెలుస్తాది?"

"నువ్వు ఎండుచేపల గంపతో బస్సెక్కితే అందరూ ముక్కు మూసుకునీవోరు. నాకు సచ్చిపోవాలనిపించీది!"

పుణ్యవతి చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఒక చేప తీసి ఆవిడకు అందించింది.

ఆవిడ వాసన చూసింది. "బాగా ఎండింది. రెండు ప్యాకెట్లియ్యి."

ఇచ్చాక, అరుణ 'వాసన రాదు' అని రాసిన అట్టను బోర్లించి, దాని మీద చింపిన ప్యాకెట్టులోని చేపలు పరిచింది.