బల్ల మీద చేతులు

ఆకాశరామన్న ఉత్తరంలో ఉన్నవి మూడే ఆరోపణలు. సత్యరాజు మేస్టారు పుస్తకం తెరవడు. బోర్డు మీద రాయడు. పిల్లల కాంపోజిషన్లు దిద్దడు. చివర ఒక చురక కూడా ఉంది: 'అసలు ఆయనకి ఇంగ్లీషు వచ్చునా అని మా అనుమానం.'

ఎవడు రాశాడో గానీ, వాడి చేతులు పడిపోను! ఇరవై ఆరేళ్లుగా చోడవరంలో ఇంగ్లీషంటే సత్యరాజు, సత్యరాజంటే ఇంగ్లీషు. పుస్తకం ముట్టుకోకుండా పాఠం చెప్తాడని ఊరంతా గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్పే ఇప్పుడు నేరమై కూర్చుంది. ఉత్తరం సంగతి తేల్చడానికి విశాఖపట్నం నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

ఆ పొద్దున సత్యరాజు గంజి కూడా ముట్టుకోలేదు. రిటైరు కావడానికి ఇంకా మూడేళ్లుంది. ఈలోగా జిల్లా బోర్డు ఇంటికి పొమ్మంటే మొగుడూ పెళ్లాలకి పూట గడవదు. నర్సు ట్రైనింగులో ఉన్న కూతురు స్వర్ణకుమారి మధ్యలో పెట్టె సర్దుకుని వచ్చేయాలి.

"ఎందుకండీ అంత భయం? మీకు రాని మాటేటుంది?" అంది భార్య జ్ఞానమ్మ, ఆయన కోటు గుండీలు పెడుతూ.

"మాటలకి కాదు జ్ఞానం, నా భయం."

"ప్రార్థన చేసేను. ఇంక పదండి."

రోజూలాగే ఒకే గొడుగు కింద, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఇద్దరూ స్కూలు దాకా నడిచారు. "కొత్త పెళ్లికొడుకు బయల్దేరేడ్రోయ్!" అని కిళ్లీకొట్టు దగ్గర రోజూ వినబడే పరాచికం ఇవాళ వినబడలేదు. ఉత్తరం సంగతి వాళ్లకీ తెలిసినట్టుంది. దారి పొడుగునా బెల్లం వండుతున్న వాసన.

సత్యరాజు క్లాసులో కొన్ని నియమాలున్నాయి. లేచి నిలబడినవాడు ముందు తన పేరు చెప్పాలి. ఆ తర్వాతే మాట. కాంపోజిషను ఎవరిది వారే పైకి చదవాలి. తప్పు దొర్లిన చోట మేస్టారి బెత్తం బల్ల మీద టక్కుమంటుంది. అక్కడ ఆగి వాడే దిద్దుకోవాలి. దీన్నే దిద్దడమంటారని ఆకాశరామన్నకి ఎవరు చెప్తారు?

బూట్ల చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. పిల్లలు ఎన్నడూ లేనంత గట్టిగా గుడ్ మార్నింగ్ అని అరిచారు.

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పాఠం వద్దు మేస్టారూ. రోజూ నోట్లో నలిగే మాట ఏదైనా తీసుకుందాం. బోర్డు. దాని కథేమిటో చెప్పండి."

హమ్మయ్య అనుకున్నాడు సత్యరాజు. క్లాసు వైపు తిరిగాడు. "ఏటర్రా, బోర్డంటే ఏటి?"

"దాసు సార్! నల్లబోర్డు సార్!"

"పెదబాబు సార్! మా అన్న బోర్డింగులో తింతన్నాడు సార్!"

"సత్యారావు సార్! మీకు జీతాలిచ్చేది సార్!"

క్లాసంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు.

"అన్నీ ఒకటేరా," అన్నాడు సత్యరాజు. ఆయన గొంతుకి ప్రాణం లేచొచ్చింది. "బోర్డంటే మొదట చెక్క పలక. ఆ పలకని కాళ్ల మీద నిలబెడితే బల్ల అయింది. బల్ల మీద పెట్టిన కూటికీ ఆ పేరే వచ్చింది. అదే మీ అన్న తినే బోర్డింగు. బల్ల చుట్టూ కూచుని సంగతులు తేల్చే పెద్దలకీ ఆ పేరే. అదే నాకు జీతమిచ్చే బోర్డు. ఓడ అంచుకి మాత్రం వేరే మాట ఉండేదంటారు. వినడానికి రెండూ ఒకలాగే ఉండి, పోనుపోను కలిసిపోయేయి. అందుకే ఓడెక్కినవాణ్ణి ఆన్ బోర్డ్ అంటన్నాం."

"మరి ఎబౌ బోర్డ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సత్యరాజు తడబడ్డాడు. తెలియక కాదు.

"అది పేకాట మాటంటారు సార్. ముక్కలు పట్టిన చేతులు బల్ల మీదే ఉండాలి, అందరికీ కనబడాలి. బల్ల కిందికి పోతే..." రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. "మోసం సార్."



"ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి పాఠం వినలేదు మేస్టారూ. మీకు ఇంగ్లీషు రాదన్నవాడికి బుద్ధి లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కాగితం గరగరలాడింది. కలం మూత తీసిన చప్పుడైంది. "ఇదిగో, నా రిపోర్టు. ఒకసారి చదువుకుని, సమ్మతమైతే కింద సంతకం పెట్టండి."

సత్యరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. నిలబడింది! ఉద్యోగం నిలబడింది! ఇక స్వర్ణ చదువుకి ఢోకా లేదు. ఈ మాట జ్ఞానమ్మకి ఎప్పుడు చెప్దామా అని ప్రాణం కొట్టుకుపోయింది.

జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. తొందరపడలేదు. కాగితం పైనుంచి కింది దాకా తల మెల్లగా దించుతూ, ఒక పేజీకి పట్టేంత సేపూ తీసుకున్నాడు. మధ్యలో ఒకచోట చిన్నగా నవ్వాడు కూడా.

ముందు బెంచీలోంచి సన్నగా వినబడింది. "సార్..."

బెత్తం టక్కుమంది. "ముందు పేరు చెప్పాలని తెలీదురా?"

ఎవరూ పేరు చెప్పలేదు.

"మరీ పెద్ద మాటలు రాసేసేరు సార్. నేనంతటివాణ్ణి కాను," అని సత్యరాజు కాగితాన్ని బల్ల మీద పరిచి, అంచు వెంట వేలు పోనిచ్చి, అడుగున నిండుగా సంతకం చేశాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సత్యరాజు సంతకం తప్ప దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు.