ఎవరి గేటు ముందు వాళ్లు

ఏలీయా పదకొండో ఉత్తరం రాశాడు. భవనాలకి పర్మిషన్లిచ్చే ప్లానింగ్ కమిషన్ నుంచి పదకొండోసారీ అదే జవాబు. 'మీ లేఖ అందింది, ధన్యవాదాలు.'

వలసొచ్చిన దేశంలో, క్లాండాల్కిన్ అనే ఊళ్లో, వాళ్ల ఇళ్ల ఎస్టేట్ చివర పిల్లలాడుకునే పచ్చిక ఒకటుంది. అక్కడ ఏడంతస్తుల అపార్ట్‌మెంట్లు వస్తాయట. లారీలన్నీ ఇళ్ల మధ్య రోడ్డు మీదుగానే పోతాయట. కమిషన్‌లో అయిదుగురు సభ్యులు. వాళ్లని ఎవరు ఎన్నుకున్నారో తెలియదు. ఆ పచ్చిక మీద ఒక్కడూ కాలు పెట్టిన పాపాన పోలేదు. ఆఫీసుకి వెళదామంటే కోవిడ్ అని తలుపులు మూసేశారు. పర్మిషన్లకి మాత్రం కోవిడ్ అడ్డం రాలేదు మరి!

ఏలీయాని కోసేసింది కమిషన్ రిపోర్టులోని ఒకే ఒక్క ముక్క. 'స్థానికుల నుంచి చెప్పుకోదగ్గ వ్యతిరేకత లేదు.' తుది ఉత్తర్వు జనవరి ఆఖర్లో.

నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లని చూసుకునే కేరర్ డ్యూటీ దిగి, మొహం మీద మాస్కు చారలు పోకముందే ఇల్లిల్లూ తిరిగాడు.

"పది నిమిషాలు చాలయ్యా. ఎవరి గేటు ముందు వాళ్లు, రెండు మీటర్ల దూరంలో నిలబడండి. నోరు కూడా విప్పొద్దు. మనం ఉన్నామని వాళ్లకి తెలిస్తే చాలు."

"ఐడియా గ్రాండ్, ఏలీయా," అంది పక్కింటి మారీన్. "కానీ ఈ వారం కుదరదు."

ఎదురింటి అచ్యుత్ అయితే తలుపు సగమే తీశాడు. "అన్నా, నా సిటిజన్‌షిప్ ఫైలు నడుస్తుంది. ఇప్పుడు సర్కారోళ్లతోని లొల్లి ఎందుకన్నా?"

ఆ శనివారం రోడ్డు మీద నిలబడింది ముగ్గురే. ఏలీయా, భార్య ఇందుమతి, కూతురు అబిగేయిల్. చినుకుల్లో తడిశారు.

"నో వన్స్ కమింగ్, డాడ్."

"వస్తారమ్మా," అన్నాడు ఏలీయా. "మనోళ్లు మంచోళ్లే. ఒక్కసారన్నా వస్తారు."

జనవరి మూడోవారం, గురువారం పొద్దున పదకొండు గంటలకి, నిజంగానే వచ్చారు.

ఎనభై ఇళ్లవాళ్లూ వచ్చారు. రోడ్డుకి రెండు పక్కలా, ఎవరి గేటు ముందు వాళ్లు. ఒక్కరూ మాట్లాడలేదు. మారీన్ వాళ్లమ్మని కూడా వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చింది. అచ్యుత్ ఫైలూ గీలూ మరిచిపోయి, పెళ్లాం పిల్లలతో సహా అందరికంటే ముందే నిలబడ్డాడు. మలుపులో పోలీసు కారు ఆగింది. ఎవర్నీ లోపలికి పొమ్మనలేదు.

కమిషన్ నుంచి మాత్రం ఒక్క పురుగూ రాలేదు.

ఇందుమతి కారు అద్దం దించింది. ఏడుపు ఆగలేదు.

"ఏమండీ, చూశారా? అందరూ వచ్చారండీ. ఒక్కరు కూడా మిగలకుండా వచ్చారండీ."

చర్చికి పదిమందికి మించి రాకూడదు గనక వాళ్లంతా గేట్ల ముందే నిలబడి చూస్తుండగా, ముందు పోతున్న నల్లకారులో, సీలు వేసిన పెట్టెలో, ఏలీయా సమాధుల తోటకి సాగిపోయాడు.