సింహం లేచిన కుర్చీ

"ఈయన్ని ఆపండి బాబూ. ఆదివారం లోపల ఆపండి."

కుర్చీలో కూర్చుంటూనే అన్నది ఆవిడ. ఉబ్బిన సంచీ ఒకటి ఒళ్లో పెట్టుకుంది. పక్కన భర్త. కళ్లజోళ్ల షాపు ఆయనది. తన జోడు తీసి తుడుచుకుంటూ, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

అది ఆన్‌లైన్ పేకాట సైట్లకు లైసెన్సులిచ్చే ఆఫీసు. కౌంటరు వెనక ఉన్న కుర్రాడు కొత్త ఆఫీసరు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. నిద్రలో లేపి అడిగినా రూల్సు అప్పజెప్పగలడు.

"ఏం ఆడతారండీ?"

"పోకర్." జవాబు భార్యే చెప్పింది. "షాపు మూసి రాగానే ఫోను పట్టుకుంటారు. ఆ టేబుల్ మీద ఈయన పేరు సింహం. ఇంట్లో బల్లి కనబడితే మంచం ఎక్కుతారు."

"బల్లి సంగతి ఇక్కడెందుకే?" అన్నాడు సింహం.

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ముందు ఒక మాట. లైసెన్సున్న సైట్లో ఆడటం నేరం కాదు. చాలామందికి అదొక అపోహ."

"నేరమని నేనన్నానా?"

"అంతా అదృష్టమే అనుకుంటారు. అదీ తప్పే. ముక్కలు పడటం వరకే అదృష్టం. వాటితో ఏం చేస్తామన్నది నేర్పు."

"నా ఏడుపంతా అదే కదా బాబూ!" ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఈయనకి ఆ నేర్పే లేదు. చేతిలో జత కూడా ఉండదు, నలుగురు రాజులు ఇంటికొచ్చినట్టు పందెం పెంచేస్తారు. నిజంగా మంచి ముక్కలొస్తే మాత్రం తెగ ఆలోచిస్తున్నట్టు నటన. ఊరందరికీ తెలిసిపోతుంది."

"నా బ్లఫ్ ఇంతవరకూ ఒక్కడూ పట్టుకోలేదు సార్," భర్తకు రోషం వచ్చింది. "ఆ సైటే మోసం చేస్తోంది. మంచి ముక్కలన్నీ వాళ్ల మనుషులకే వేస్తోంది."

కుర్రాడికి ప్రాణం లేచివచ్చింది. అన్నిటికన్నా అతనికి ఇష్టమైన అపోహ ఇదే.

"అలా కుదరదండీ. ముక్కలు కలిపే ప్రోగ్రాముని పరీక్షించాకే మేం లైసెన్సిస్తాం. కంపెనీ మనుషులు ఆడకూడదు. కొత్తగా చేరేవాళ్ల గుర్తింపు కార్డు ఈ కౌంటర్లోనే చూస్తాం. ఒకరికి ఒకే ఖాతా. ఇంటికి ఒక్కరే ఆడాలి, ఇద్దరు కూడబలుక్కుని మూడోవాణ్ని ముంచకుండా. ఇన్ని చేసినా ఓడినవాళ్లు మమ్మల్నే తిడతారు."

"మీ రూల్సు బంగారం బాబూ. ఈయనతోనే వచ్చింది చిక్కు."

"ఆదివారం ఏముందమ్మా?"

"పెద్ద పోటీ. ఈయన కూర్చున్నారంటే నేను గోడకానుకుని, గుడ్లనీరు కుక్కుకుంటూ చూడాల్సిందే."

కుర్రాడి మనసు చివుక్కుమంది. కానీ రూలు రూలే. "ఇంట్లోవాళ్లు చెబితే మేం ఆపలేం. ఆడేవారు తమంతట తామే ఆపేసుకోవాలి. ఇదిగో, ఈ తెర మీద బొటనవేలు ఆనిస్తే చాలు. ఏడాదిపాటు ఖాతా మూతపడుతుంది. తర్వాత మనసు మార్చుకుని కాళ్లావేళ్లా పడ్డా తెరవం."

"నేను ఆనించను," భర్త చేతులు కట్టుకున్నాడు.

ఆవిడ అరవలేదు. "సరే, మీ ఇష్టం. సాయంత్రం బస్సుకి మా తమ్ముడింటికి పోతున్నా. బట్టలు సర్దేశాను." సంచీ ఎత్తి కౌంటరు మీద పెట్టింది.

భర్త సంచీ వైపు చూశాడు. "నిజంగానే సర్దావా?"

"తెరిచి చూసుకోండి."

ఆయన చెయ్యి జిప్పు దాకా వెళ్లింది. ఆగింది. ఆవిడ ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఏళ్ల తరబడి బట్టల కొట్టులో కూర్చుని, 'ఇదే ఆఖరి ధర' అని చెప్పీ చెప్పీ బిగుసుకున్న ముఖం అది.

చెయ్యి వెనక్కి వచ్చింది. బొటనవేలు తెర మీద ఆనింది.

"ఊరికి మాత్రం పోకు," అంటూ లేచాడు సింహం. "బండి తీస్తాను. రా."

వంగిన భుజాలతో ఆయన బయటికి వెళుతుంటే కుర్రాడి కళ్లు చెమర్చాయి. ఒక సంసారం నిలబెట్టానన్న తృప్తి కలిగింది. ఆవిడకి మంచినీళ్ల గ్లాసు అందించాడు.

"ధైర్యంగా ఉండండమ్మా. ఈ ఆటలో బ్లఫ్ అంటే ముఖం బిగించుకోవడమే అనుకుంటారు అందరూ. ఆన్‌లైన్లో అసలు ముఖమే కనబడదు. పాపం, ఆయనకది తెలియక..."

"ముఖం ఎందుకు బాబూ? బేరం తీరు చాలదూ?" ఆవిడ నీళ్లు తాగి గ్లాసు పెట్టింది. "మా కొట్టులో కొనేవాళ్లు ధర తగ్గించమంటారు. కొననివాళ్లు ఇంకో రంగు చూపించమంటారు."

కుర్రాడు మెచ్చుకోలుగా తలూపాడు. ఇంత తెలివైన మనిషికి ఎలాంటి మొగుడు దొరికాడో అనుకున్నాడు.

ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి సంచీ జిప్పు లాగింది. లోపల బట్టల్లేవు. లావుపాటి దిండు ఒకటి ఉంది. దాన్ని పక్కకి నెట్టి, అడుగునుంచి తన గుర్తింపు కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఇంటికి ఒక్కరే అన్నారుగా బాబూ, ఆదివారం ఆ కుర్చీలో నేను కూర్చుంటా."