షూర్ అన్న మాట

ఫోను టింగుమంది. చేతిలోని చీపురు వదిలేసి గౌతమి పరుగెత్తింది. వాయిస్ మెసేజ్. చేపల వేటకెళ్ళిన పన్నెండు రోజుల తర్వాత మొగుడు పైడిబాబు గొంతు!

“గౌతూ, ఇప్పుడే సిగ్నల్ దొరికింది. రేపు పొద్దున్నే జెట్టీకొచ్చేస్తాం. షూర్!”

నాలుగుసార్లు వింది. పన్నెండు రోజులుగా బోర్లించే ఉన్న రెండో కంచాన్ని తీసి, దుమ్ము లేకపోయినా తుడిచింది. ఇన్నాళ్ళూ ఫ్యాను చప్పుడు తప్ప మరో చప్పుడెరగని గదిలో ఒక్కతే గిర్రున తిరిగింది.

“అత్తా! రేపొచ్చేస్తారట. షూర్ అన్నారు!”

వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్న కాళమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఆ మాట ఆడికెవులు నేర్పినారే?”

“నేనే. ఇంగ్లీషు మాటత్తా, పాత లాటిన్ నుంచి వచ్చింది. మొదట్లో దానికి ‘దిగుల్లేకుండా’ అని అర్థం. ఎప్పుడడిగినా చూద్దాం, చూద్దాం అంటారాయన. ఒక్కసారి షూర్ అనండి, నేను దిగుల్లేకుండా ఉంటానన్నాను.”

“నీ కాలేజీ సదువు సల్లగుండ! నీటిమీదున్నోడు ‘వొచ్చేత్తాను’ అని గట్టిగా అనకూడదే. గంగమ్మ ఇంటాది. మనోళ్ళెవులూ అనరు. ఫోన్ సెయ్యి. ఎనక్కి తీసుకోమను. ‘సూద్దాం’ అనమను. బేగి!”

గౌతమి నవ్వు ఎగిరిపోయింది. ఫోను కలపలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ. బోటుకి మళ్ళీ సిగ్నల్ పోయినట్టుంది. ఇందాక అంత తియ్యగా వినిపించిన మాట ఇప్పుడు గుండెల్లో ముల్లయి కూర్చుంది.

గోడ మీద మామగారు అప్పలరాముడి ఫోటో ఉంది. పదహారేళ్ళ కిందట వేటకెళ్ళి తిరిగిరాని మనిషి. ఆ ఫోటోకి కాళమ్మ ఇంతవరకూ దండ వెయ్యనివ్వలేదు.

“అత్తా,” అంది గౌతమి. “మామయ్య కూడా ఇలాగే... తప్పకుండా వస్తానని చెప్పే వెళ్ళారా?”

కాళమ్మ నెమ్మదిగా లేచి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని కోడలి పక్కనొచ్చి కూర్చుంది.

“ఆడి మాట ఇంకోపాలి ఇనిపించు.”

గౌతమి వినిపించింది. “షూర్!” అన్నాడు పైడిబాబు.

“ఇంకోపాలి.”

“షూర్!”

కాళమ్మ ఫోటోకేసి చూసింది.

“మీ మావ ‘సూద్దాం’ అనే ఎల్లాడే,” అంది. “రేపు నానూ జెట్టీకొత్తాను.”