పుట్టింటి చీర

"అంచు లేని తెల్లచీర ఒకటి కావల్ల," అన్నాడు రంగస్వామి.

ధర్మపురి బజారులో అది పాత బట్టలకొట్టు. తన ఊరు ఇండూరులోనూ కొట్టుంది. కాని అక్కడ అతనెవరో అందరికీ తెలుసు. ఎవరికి, ఎందుకు అని అడుగుతారు. అందుకే ఏప్రిల్ ఎండలో ఇంతదూరం వచ్చాడు.

కొట్టు యజమాని వెంకటసామి కూడా అదే అడిగాడు.

"ఎవురికి మామా?"

రంగస్వామి సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, "కూతురికి," అన్నాడు.

వెంకటసామి రేడియో గొంతు తగ్గించాడు. "అయ్యో. అల్లుడు ఎప్పుడు పోయినాడు?"

"ఇంకా పోలేదు. రేపు పొద్దునకు."

"ఆసుపత్రిలో ఉండాడా?"

"లేదు. బాగానే ఉండాడు."

చీర మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. "ఏమి మామా, జోస్యం చెప్తావా?"

రంగస్వామి డబ్బు బల్ల మీద పెట్టాడు. చీర సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

తమ మాట కాదని కూతురు కట్టుకున్నవాణ్ణి నరికిన మామల సంగతి వెంకటసామి విని ఉన్నాడు. పక్క టీకొట్టులో కానిస్టేబుల్ మాదేశన్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెంకటసామి పరుగున వెళ్లి అతని చెవిలో చెప్పాడు.

సేలం బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతున్న రంగస్వామికి లాఠీ అడ్డం వచ్చింది.

"సంచి దించు."

మాదేశన్ తమిళంలో గద్దిస్తూ సంచి మొత్తం గాలించాడు. పైన తెల్లచీర. దాని కింద, తుండుగుడ్డలో చుట్టిన మూట. ఇదే అనుకుంటూ విప్పాడు.

ఎర్రటి గాజులు.

"కొడవలి ఏదీ?"

"కొడవలి ఎందుకు సారూ? మొగుడు పోతే పుట్టింటోళ్లే గదా చీర తెచ్చి కప్పేది. నేను పోకపోతే అది ఊరోళ్ల చీర కట్టుకోవల్ల."

"మరి ఈ గాజులు?"

"వాళ్లమ్మ ఇచ్చింది."

"నువ్వేమో తెల్లచీర. మీ ఆమె ఏమో ఎర్రగాజులు. మీ ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. రంగస్వామి నవ్వలేదు. అతని చూపు బస్సు మీదే ఉంది. బస్సు కదిలింది. మలుపు తిరిగింది. పోయింది.

"నీ అల్లుడికేమన్నా అయితే మొదట నిన్నే పట్టుకుంటా," అన్నాడు మాదేశన్.

"అవుతాది సారూ. అది నా చేతిలో లేదు, మీ చేతిలోనూ లేదు." రంగస్వామి గాజులను మళ్లీ మూటగట్టాడు. "పొద్దునకు చేరకపోతే ఈ చీరతో పని లేదు. అంతే."

మాదేశన్ అతని ముఖంలోకి చూశాడు. ఎంతోమంది నేరస్థులను చూసినవాడు. ఇది ఆ ముఖం కాదు. ఏమీ అర్థం కాకపోయినా, అటుగా వెళ్తున్న లారీని ఆపి ఎక్కించాడు.

లారీ మూలుగుతూ తొప్పూరు కనుమ దిగింది. రంగస్వామి సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చింతబరిక గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట దానితోనే బిడ్డను ఊరి పొలిమేర దాకా తరిమాడు. భార్య వేదవల్లి అడ్డం వస్తే ఆమెకూ రెండు తగిలాయి. అప్పటినుంచి ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. నిన్న మాత్రం గాజులు చేతిలో పెట్టి అంది.

"పెండ్లికి పోలేదు. సరే. మంచికి పోకపోయినా చెడ్డకు పోవల్ల గదా. పో."

సేలంలో ఒక బస్సు, విళుప్పురం దారిలో ఇంకో బస్సు. చివరికి ఎడ్లబండి.

అతను చేరేసరికి పొద్దెక్కింది. ఊరి బయట పొలాల్లోంచి ఆడవాళ్ల ఏడుపులు వినబడుతున్నాయి. అల్లుడు పోయాడా అని అతను ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

బిడ్డను వెతికి పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. వేపచెట్టు కింద, తల వంచుకుని, ఎడమచేతి వేలితో మట్టిలో గీతలు గీస్తూ కూర్చుని ఉంది. చిన్నప్పటి అలవాటే. తాళి తెంచేశారు. బొట్టు చెరిపేశారు. పగిలిన గాజు గీరుకుని మణికట్టు మీద రక్తం చారిక కట్టింది.

పక్కన ఒక పెద్దావిడ తెల్లచీర పట్టుకుని నిలబడి ఉంది. ఆనవాయితీగా కేక వేసింది.

"పుట్టింటోళ్లు ఎవురైనా వచ్చినారా?"

ఎవరూ పలకరని ఆమెకు తెలుసు. పలికింది ఎప్పుడూ లేదు. చీర మడత విప్పసాగింది.

"వచ్చినాను," అన్నాడు రంగస్వామి.

పెద్దావిడ చేతులు అలాగే ఆగిపోయాయి. బిడ్డ తలెత్తింది. మోచేతులు తనంతట అవే ముఖానికి అడ్డం వెళ్లాయి.

"కొట్టను వచ్చినావా నాయనా?"

"లేదమ్మా."

అతను ఆ బిడ్డను ఎప్పుడూ అమ్మా అని పిలవలేదు. మోచేతులు మెల్లగా దిగాయి. రంగస్వామి చీర తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాడు. కొంగు సరిచేయడం అతనికి చేతకాలేదు. ఆమే సర్దుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

తర్వాత అతను తుండుగుడ్డ మూట విప్పాడు.

"మీ అమ్మ ఇచ్చింది. వీటిని పగలగొట్టొద్దనింది."

ఆమె ఎర్రగాజులను చెంపకు ఆనించుకుంది.

"పై ఏడు దాకా పగలగొట్టను నాయనా. అప్పుడు పెండ్లికి అమ్మను గూడా పిలుచుకొని రా."

ఏటా చిత్తిర నెల తిరునాళ్లలో కూవాగం గుళ్లో కూత్తాండవర్ దేవుడి పేరున తాళి కట్టించుకుని, తెల్లారి ఆ దేవుడి బొమ్మ తల తెగగానే విధవలయ్యే ఆ వందలాది హిజ్రాల్లో, పాతికేళ్ల కిందట కొడుకు పుట్టాడని రంగస్వామి ఇండూరంతా చక్కెర పంచిన బిడ్డ కూడా ఉంది.